స్నేహితులతో పౌడర్ మంచులో ఒక రోజు: సీమ నుంచి గుల్మార్గ్ వెళ్లేవాళ్లు ఎలా సిద్ధం కావాలి?

"బేసిక్ కోర్సు అయిపోయిందన్నా, ఇంక పౌడర్‌లో దిగొచ్చా?" చలికాలం దగ్గరపడితే అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు గుల్మార్గ్‌లోనో, మనాలీలోనో, ఔలీలోనో స్కీయింగ్ నేర్చుకుని వస్తున్నారు. రెండో ఏడాదికి వాళ్ల మనసు యంత్రంతో తొక్కి చదును చేసిన పిస్ట్ మీద ఉండదు. పక్కనే ఎవరూ తొక్కని మెత్తటి మంచు మీదికి పోతుంది. ఆ మంచే పౌడర్, పిస్ట్ దాటి అందులోకి వెళ్లడమే ఆఫ్-పిస్ట్.

దిగొచ్చు. కానీ ఒక్క విషయం ముందే తెలుసుకుని దిగండి. అవలాంచ్ వచ్చి, అంటే వాలు మీది మంచు విరిగి జారి, మీరు దాని కింద కూరుకుపోతే మొదటి 10, 15 నిమిషాల్లో బయటపడాలి. ఆ తర్వాత బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. అంతలోపు బయటివాళ్ల సాయం చేరడం కష్టం. మిమ్మల్ని తవ్వి తీయాల్సింది మీతో వచ్చిన స్నేహితులే. అందుకే మంచులో మలుపులు తిరగడం కంటే ఒకరినొకరు వెతికి తీయడం గురించే ఇక్కడ ఎక్కువ రాశాను.

ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి

పిస్ట్ మీద ఈ పనులు తడబడకుండా చేయగలిగితేనే పౌడర్ గురించి ఆలోచించండి:

- నిటారు వాలులో రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి ఆగకుండా మలుపులు తిరగడం
- ఎడమకీ కుడికీ, ఎటు కావాలంటే అటు వెంటనే ఆగడం
- స్కీలు అడ్డంగా పెట్టి పక్కకి జారుతూ దిగడం
- వాలుకు అడ్డంగా నడిచి, నిలబడినచోటే దిశ మార్చుకోవడం

ఇంకా స్కీ ముక్కులు దగ్గరపెట్టి వి ఆకారంలోనే బ్రేక్ వేస్తున్నారా? అయితే ఈ ఏడాది పిస్ట్‌కే కేటాయించండి. లోతు మంచులో ఆ పద్ధతి పనిచేయదు, మోకాళ్లు దెబ్బతింటాయి. గుల్మార్గ్‌లోని స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఐఐఎస్ఎంలో, మనాలీలోని పర్వతారోహణ సంస్థలో బేసిక్ తర్వాతి స్థాయి కోర్సులు ఉంటాయి, అవి చేసి రండి.

ముగ్గురు, నలుగురు ఉన్న గుంపు మంచిది. ఇద్దరే ఉంటే ఒకరు కూరుకుపోయినప్పుడు తవ్వడానికి ఒక్కరే మిగులుతారు. ఆరుగురు దాటితే ఎవరు ఎక్కడున్నారో లెక్క తప్పుతుంది.

కావలసినవి

ప్రతి ఒక్కరి ఒంటి మీదా ఈ మూడూ ఉండాలి. గుంపుకు ఒకటి సరిపోదు:

- బీకన్: 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపే, అందుకునే పరికరం. మూడు యాంటెన్నాల డిజిటల్ రకమే తీసుకోండి.
- ప్రోబ్: మంచులో గుచ్చి వెతికే కడ్డీ, మడత విప్పితే కనీసం 240 సెం.మీ. పొడవు రావాలి.
- మడిచి బ్యాగులో పెట్టుకునే మెటల్ పార. ప్లాస్టిక్ పార గట్టిపడ్డ అవలాంచ్ మంచులో విరుగుతుంది.

ఇవి కాక మధ్యభాగంలో 100 నుంచి 115 మి.మీ. వెడల్పున్న స్కీలు, కింద పెద్ద గుండ్రటి బిళ్లలున్న పోల్స్ (చేతికర్రలు), హెల్మెట్, గాగుల్స్, రెండు జతల గ్లోవ్స్, ఫస్ట్ ఎయిడ్, విజిల్, చిన్న వాకీటాకీలు కావాలి. స్కీలు, బూట్లు, బీకన్ సెట్ గుల్మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. బీకన్ బ్యాటరీలు మాత్రం కొత్తవి మీరే కొనుక్కుని వెళ్లండి. కంపెనీ వేరే చెప్పకపోతే ఆల్కలైన్‌వే వాడాలి, రీఛార్జబుల్ వద్దు. వాటి చార్జ్ ఎంతుందో బీకన్ సరిగ్గా చూపించలేదు.

బట్టల దగ్గర మనవాళ్లు ఎప్పుడూ చేసే తప్పులు మూడున్నాయి. ఒకటి, లోపల కాటన్ బనియన్: చెమటకు తడిసి ఒంటికి అంటుకుని చలి పట్టిస్తుంది. సింథటిక్‌దో మెరినో ఉన్నిదో వేసుకోండి. రెండు, చలికి భయపడి రెండు జతల సాక్స్: బూటు బిగుసుకుని రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఒకే జత, పల్చటిది, మోకాలి దాకా వచ్చేది చాలు. మూడు, హెల్మెట్ కింద మందపాటి మంకీ క్యాప్: హెల్మెట్ వదులైపోయి పడ్డప్పుడు తల నిలవదు.

తినడానికి మన చెనక్కాయల చిక్కీని మించింది లేదు. అయితే చలికి రాయిలా అవుతుంది. ఇంట్లోనే చిన్న ముక్కలు చేసి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి.

1. రెండు నెలల ముందు: ఇక్కడ చేయాల్సింది

పౌడర్‌లో పని ఎక్కువగా తొడలది. కొండ ఎక్కడం కంటే మెల్లగా దిగడమే దానికి సరైన కసరత్తు. అనంతపురం వాళ్లకు గుత్తి కోట ఉంది, పెనుకొండ కొండ ఉంది. కర్నూలు, కడప వాళ్లకు అహోబిలం దారులున్నాయి. వారానికి రెండుసార్లు ఎక్కి, దిగేటప్పుడు మోకాళ్లు వంచి, ఒక్కో మెట్టూ ఆపి ఆపి దిగండి. గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు నిలిచే కసరత్తు రోజూ చేయండి. రెండు నిమిషాలు నిలవగలిగితే బాగా ఉన్నట్టు.

రెండో కసరత్తు ఎవరూ చేయరు, కానీ అసలైనది అదే. తవ్వడం. పామిడి దగ్గరో తాడిపత్రి దగ్గరో పెన్నలో ఇసుక ఎండి ఉన్నప్పుడు నలుగురూ పారలు తీసుకుని వెళ్లండి. ఇసుక తవ్విన గుంతల్లో నీళ్లు నిలిచిన చోటికి మాత్రం పోవద్దు. ఒక మూట తీసుకుని మీటరు లోతున పూడ్చి, తవ్వి తీయండి. చెలిమ తవ్వినట్టు పైనుంచి నిట్టనిలువుగా దిగితే గుంత అంచులు మళ్లీ లోపలికే కూలుతాయి. మంచులో అయితే కింద ఉన్న మనిషి మీద మీరే నిలబడినట్టవుతుంది. మూట ఉన్నచోటి నుంచి లోతుకు ఒకటిన్నర రెట్లు దూరం కిందివైపు జరిగి, అక్కడి నుంచి అడ్డంగా తవ్వుకుంటూ రావాలి. ఒకరు ముందు తవ్వుతుంటే మిగతావాళ్లు వెనక వి ఆకారంలో నిలబడి ఇసుకను వెనక్కి తోయాలి. నిమిషానికోసారి ముందున్న మనిషి మారాలి. ఒక్కరే తవ్వితే ఎంతసేపు పడుతుందో, నలుగురు వరసలో తవ్వితే ఎంత పడుతుందో ఫోన్‌లో టైం పెట్టి చూడండి. ఆ తేడా చూసిన గుంపు పారలు హోటల్లో వదిలేసి పోదు.

2. ప్రయాణం, ఎత్తుకు అలవాటు పడటం

మన ఊళ్ల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచే వస్తుంది. అయినా అంత దూరం కారులో వద్దు, కాళ్లు అలసిపోతాయి. అనంతపురం, కడప వాళ్లు బెంగళూరు నుంచి, కర్నూలు వాళ్లు హైదరాబాద్ నుంచి విమానంలో శ్రీనగర్ వెళ్లండి. అక్కడి నుంచి గుల్మార్గ్ సుమారు 50 కి.మీ. మంచు పడిన రోజుల్లో చివరి 13 కి.మీ., అంటే తంగ్‌మార్గ్ నుంచి పైకి, చెయిన్లు కట్టిన వాహనాలనో ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలనో మాత్రమే పంపుతారు.

మన ప్రీపెయిడ్ సిమ్ జమ్ము కశ్మీర్‌లో పనిచేయదు. గుంపులో కనీసం ఇద్దరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. గుల్మార్గ్ 2,650 మీటర్లు. గొండోలా, అంటే అక్కడి కేబుల్ కారు, రెండో దశ మిమ్మల్ని అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దగ్గర దింపుతుంది. చేరిన మర్నాడే పైకి పోవద్దు. రెండు రాత్రులు గుల్మార్గ్‌లో పడుకుని, మధ్యలో ఒక రోజు కింది వాలుల్లో స్కీ చేయండి. పైన తలనొప్పి, వికారం, తూలుడు కనిపిస్తే మాత్ర వేసి కొనసాగించడం తప్పు. కిందికి దిగడమే మందు.

3. గైడ్‌ను మాట్లాడుకోవడం

మొదటిసారి ఆఫ్-పిస్ట్‌కు స్థానిక గైడ్ లేకుండా వెళ్లొద్దు. ఇందులో డబ్బు మిగుల్చుకునే ఆలోచన పెట్టుకోకండి. గుల్మార్గ్ స్కీ పెట్రోల్ వాళ్లు, అంటే భద్రత చూసే గస్తీ బృందం, గొండోలా చుట్టుపక్కల ఉన్న వాలునే చూసుకుంటారు. హద్దుగా కట్టిన తాడు దాటితే అంతా అదుపులో లేని కొండే. వెనకవైపు నియంత్రణ రేఖ, కొన్నిచోట్ల సైన్యం స్థావరాలు ఉంటాయి.

గైడ్‌ను ఇవి అడగండి: అవలాంచ్ శిక్షణ ఎక్కడ తీసుకున్నావు భయ్యా? నీ దగ్గరా బీకన్, పార, ప్రోబ్ ఉంటాయా? రెండో దశ మూసేస్తే ఎక్కడికి తీసుకెళ్తావు? మూడో ప్రశ్నకు "ఎక్కడికైనా పోదాం" అన్నాడంటే ఇంకొకరిని చూసుకోండి. మంచి గైడ్ వెంటనే తక్కువ వాలున్న అడవి దారి పేరు చెప్తాడు.

ఇన్సూరెన్స్ కాగితం కూడా అప్పుడే చదవండి. చాలా ట్రావెల్ పాలసీల్లో స్కీయింగ్ ఉన్నా ఆఫ్-పిస్ట్ ఉండదు.

4. ముందు రోజు: వెతికే డ్రిల్

ఒక బీకన్‌ను ఆన్ చేసి, మందపాటి బ్యాగులో పెట్టి, మంచులో మీటరు లోతున పాతండి. పాతిన మనిషి కాక మిగతావాళ్లు వెతకాలి.

ముందు అందరూ బీకన్‌ను సెర్చ్‌కి మార్చాలి. ఒక్కరు మరిచిపోయి సెండ్‌లో ఉంచినా మిగతావాళ్లు ఆ మనిషి వైపే పరుగెత్తుతారు. తర్వాత బీకన్ తెర మీది బాణం చూపిన దారిలో వేగంగా పోండి. దూరం చూపే అంకె మూడు, నాలుగుకు తగ్గాక నెమ్మదించి, బీకన్‌ను మంచుకు ఆనించి, దాన్ని తిప్పకుండా ముందుకీ వెనక్కీ, తర్వాత అడ్డంగా జరుపుతూ అతి చిన్న అంకె ఎక్కడ వస్తుందో పట్టుకోండి. అక్కడి నుంచి సుడి తిరిగినట్టు 25 సెం.మీ. ఎడంతో ప్రోబ్ గుచ్చుకుంటూ పోండి. మెత్తగా తగిలితే ప్రోబ్‌ను అలాగే వదిలేసి తవ్వడం మొదలుపెట్టండి. ప్రోబ్ పీకేయడం అందరూ చేసే తప్పు, పీకితే ఆ చోటు మళ్లీ దొరకదు.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది? సిగ్నల్ అందినప్పటి నుంచి ప్రోబ్ తగిలేదాకా 5 నిమిషాల్లోపు, మొత్తం తవ్వి తీసేదాకా 15 నిమిషాల్లోపు పూర్తి కావాలి. గుంపులో ప్రతి ఒక్కరూ ఒక్కోసారి ముందుండి చేయాలి. రానివాళ్లు ఉంటే చీకటి పడేదాకా అదే చేయండి. అప్పటికీ రాకపోతే రేపు ఆఫ్-పిస్ట్ లేదు, పిస్ట్ మీదే.

5. ఆ రోజు పొద్దున: వెళ్లాలా వద్దా

స్కీ పెట్రోల్ ఇచ్చే అవలాంచ్ ప్రమాద స్థాయి చూడండి. అవలాంచ్‌లను పరిశీలించే డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే హెచ్చరికలు కూడా చూడండి. స్థాయి 1 నుంచి 5 దాకా ఉంటుంది. 3 మధ్యలో ఉంది కాబట్టి ఫర్వాలేదనుకోవడం ప్రమాదం. మనిషి బరువుకే మంచు విరిగే అవకాశం బాగా ఉందని 3 చెబుతుంది. కొత్తవాళ్లు 3 ఉన్న రోజున 30 డిగ్రీలకు తక్కువ వాలులోనే ఉండాలి. 4, 5 అయితే వెళ్లొద్దు.

పలకలుగా విరిగే అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో వస్తాయి. స్కీ చేయడానికి బాగుండే వాలు కూడా అదే, చిక్కంతా అక్కడే ఉంది. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటుంది, పోల్‌ను మంచు మీద పడుకోబెట్టి దాని మీద ఫోన్ ఆనించి చూడండి. మీరున్న వాలు ఒక్కటే చూస్తే చాలదు. మీ నెత్తిమీద ఏముందో కూడా చూడాలి.

వెనక్కి తిరగాల్సిన గుర్తులు: దగ్గర్లో కొత్తగా జారిన మంచు, అడుగు వేస్తే "వుంఫ్" అని కింద కూలినట్టు శబ్దం, స్కీల నుంచి పగుళ్లు పరుగెత్తడం, గాలి మంచును ఒకవైపు పోగుచేయడం, ఎండ ఒక్కసారిగా ఎక్కువవడం. వీటిలో ఒక్కటి కనిపించినా చాలు.

పెద్ద మంచు పడి ఆకాశం తెరిపిచ్చిన మొదటి రోజున అందరూ ఎగబడతారు. ప్రమాదం కూడా ఆ రోజే ఎక్కువ. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వైపు అవలాంచ్‌లో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న ఖిలన్‌మార్గ్ వైపు ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. ముందెవరో పోయిన గీతలున్నాయి కదా అని ఆ దారి పట్టకండి. వాళ్లు దాటాక కూడా అదే వాలు మీ బరువుకు విరగవచ్చు.

గుంపులో ఒక నియమం పెట్టుకోండి: ఎవరు వద్దన్నా కారణం అడగకుండా అందరూ ఆగాలి. మన స్నేహాల్లో "ఏం రా, భయపడుతున్నావా" అనడం అలవాటు. ఆ మాట ఆ రోజుకు నిషేధం.

రెండో దశ మూసేశారంటే నిరాశ పడకండి. మొదటి దశ ఆగే కొంగ్‌డూరి స్టేషన్ నుంచి గుల్మార్గ్‌కు దిగే అడవి వాలులో పౌడర్ ఉంటుంది. బాబారేషి వైపు చెట్ల మధ్య దిగే దారీ ఉంది, కింద వాహనం ముందే మాట్లాడుకోవాలి. నా అభిప్రాయం అడిగితే మొదటి పౌడర్ రోజుకు పైదాని కంటే ఇవే మేలు. చెట్ల దగ్గర ఒక్క జాగ్రత్త: దేవదారుల మొదళ్ల చుట్టూ గుల్ల మంచుతో లోతైన గుంతలుంటాయి, తలకిందులుగా పడితే బయటికి రాలేరు. కొమ్మల కిందికి పోవద్దు, ఇద్దరిద్దరుగా ఒకరినొకరు చూసుకుంటూ దిగండి.

6. బీకన్ తనిఖీ

బీకన్‌ను లోపలి చొక్కా మీద బెల్టుతో కట్టి, పైన జాకెట్ జిప్పు వేయాలి. బ్యాగులో పెడితే అవలాంచ్‌లో బ్యాగు ఊడిపోతే అంతే. ఫోన్‌ను దానికి కనీసం 20 సెం.మీ. దూరంలో పెట్టుకోండి, వెతికేటప్పుడు 50 సెం.మీ. గొండోలా దిగాక గైడ్ సెర్చ్‌లో నిలబడితే, మీరు ఒక్కొక్కరే అతని ముందు నుంచి దాటాలి. తర్వాత గైడ్‌ది ఇంకొకరు చూడాలి. బ్యాటరీ మిగల్చాలని మధ్యాహ్నం ఆఫ్ చేసేవాళ్లున్నారు. గది చేరేదాకా ఆఫ్ చేయకండి.

7. పౌడర్‌లో దిగడం

పిస్ట్ మీద బరువంతా బయటి కాలి మీద వేయమని నేర్పారు. ఇక్కడ అలా వేస్తే ఆ కాలు మునిగి మీరు తిరగబడతారు. రెండు కాళ్ల మీదా బరువు దాదాపు సమానంగా ఉంచండి, పాదాలు కొంచెం దగ్గరగా పెట్టండి. మొదట తక్కువ వాలులో తిన్నగా జారుతూ మోకాళ్లు వంచి, లేచి, మళ్లీ వంచి చూడండి. మంచు కిందికి అణిగి మిమ్మల్ని పైకి తోస్తుంది. ఆ తోపు అందిన క్షణంలోనే మలుపు తిప్పాలి. కాళ్లతో బలవంతంగా తిప్పకండి.

వెనక్కి వాలడం అందరూ చేసే తప్పు. ముక్కులు మునుగుతాయేమోనని భయపడి కూర్చున్నట్టు అయిపోతారు, పది మలుపులకే తొడలు మండుతాయి. పాదం మధ్యలో నిలబడండి, చేతులు ముందుకు చాచి రెండూ కంటికి కనిపించేలా ఉంచండి. స్కీ ముక్కుల వైపు కాకుండా పది, పదిహేను మీటర్ల ముందుకు చూడండి. కొంచెం వేగం కావాలి, అది లేకపోతే స్కీలు పైకి తేలవు. ఇది ఒప్పుకోవడానికి మనసుకు టైం పడుతుంది, కంగారు పడకండి.

దిగాక పైకి తిరిగి మీ గీతలు చూసుకోండి. గుండ్రంగా, ఒకే కొలతలో ఎస్‌లు కనిపిస్తే సరిగ్గా వచ్చింది. మూలలు తిరిగిన జెడ్‌లు ఉంటే మీరు స్కీలను విసిరి తిప్పుతున్నారు. రెండు గీతలు దూరదూరంగా పోతుంటే బరువు ఒక కాలి మీదే పడుతోంది.

పడితే లేవడానికి చేతులు ఆనిస్తే భుజం దాకా మునుగుతాయి. రెండు పోల్స్‌ను ఎక్స్ ఆకారంలో మంచు మీద పెట్టి దాని మీద చెయ్యి ఆనించి లేవండి. స్కీ ఊడి కనిపించకపోతే కింద వెతకొద్దు, సాధారణంగా మీరు పడిన చోటికి పైనే ఉంటుంది. పోల్‌తో అడ్డంగా గీతలు గీసుకుంటూ పైకి వెళ్లండి.

8. గుంపుగా దిగే పద్ధతి

వాలులో ఒకసారికి ఒక్కరే. మిగతావాళ్లు కన్ను తిప్పకుండా చూడాలి, వీడియో తీసేవాళ్లు కూడా. దిగినవాళ్లు వాలు మధ్యలో ఆగకూడదు. గైడ్ చూపిన గట్టు వెనకో దట్టమైన చెట్ల దగ్గరో, మంచు జారే దారికి పక్కన ఆగాలి. పోల్ పట్టీలు మణికట్టుకు వేసుకోకండి.

మంచు కదిలితే గట్టిగా అరవండి, పక్కకి తప్పుకోవడానికి చూడండి. పోల్స్ వదిలేయండి. జారడం ఆగేలోపు చేతులు ముఖం ముందుకు తెచ్చి ఊపిరికి కాస్త చోటు చేసుకోండి. పైన ఉన్నవాళ్లు ఆ మనిషి ఆఖరిసారి కనిపించిన చోటు గుర్తుపెట్టుకోవాలి. ఇంకో చరియ వచ్చే ముప్పు లేదని చూసుకుని, అక్కడి నుంచి కిందికి వెతకాలి. ఒకరు 112కి ఫోన్ చేస్తే మిగతావాళ్లు బీకన్‌తో దిగిపోవాలి, అందరూ ఫోన్ల దగ్గర నిలబడిపోవద్దు. ముఖం బయటపడగానే నోట్లో, ముక్కులో మంచు తీసి ఊపిరి చూడండి.

9. సాయంత్రం

కాళ్లు వణకడం మొదలైతే "ఇంకొక్క రన్" వద్దు. పౌడర్‌లో మోకాలి గాయాలు అలసిన కాళ్లకే తేలిగ్గా అవుతాయి. గదికి చేరాక నలుగురూ కూర్చుని ఎక్కడ వద్దనుకుని కూడా నోరు మెదపలేదో చెప్పుకోండి. ఆ ఒక్క మాట మర్నాటి ప్లాన్ మార్చేస్తుంది.

బూట్ల లోపలి లైనర్లు బయటికి తీసి గాలికి ఆరబెట్టండి, హీటరుకు మరీ దగ్గరగా పెడితే పాడవుతాయి. బీకన్ సొంతదైతే ఊరికి వచ్చాక బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి. లోపలే వదిలేస్తే మన ఎండాకాలం వేడికి కారి కాంటాక్టులు తుప్పు పడతాయి.